మీ యాడి టోప్లీలు విప్పిన రోజు

మరిపెడ దగ్గర మన తండా,
23-2-2014, ఆదివారం.

చిరంజీవి శిరీషకు,

మీ బాపు మోతీలాల్ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. సేవాలాల్ మహరాజ్ దయవల్ల ఇక్కడ నేను, నిన్ను కన్న మీ యాడి గంగి, మీ అన్న నరేశ్, కొత్తగా పుట్టిన దూడతో సహా అందరం క్షేమంగా ఉన్నాం. నువ్వు కూడా ఆ మణిపూర్ కొండల్లో, నీ డ్యూటీలో క్షేమంగా ఉన్నావని తలుస్తాను. "అందరం క్షేమం" అనే మాటను ప్రతి ఉత్తరంలో నా చెయ్యి తనంతట తానే రాసేసేది. ఈసారి మాత్రం కాసేపు ఆగి, గుండె మీద చెయ్యి వేసి చూసుకుని రాశాను. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది. ముందే ఆఖరి కాగితం తీసి చూడకు. నీకు చిన్నప్పటి నుంచీ ఆ అలవాటు ఉంది.

ఫోను ఉండగా ఉత్తరాలేమిటని నీ తోటి అమ్మాయిలు నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. మీ క్యాంపులో సిగ్నల్ ఎప్పుడు దొరుకుతుందో ఎవరికీ తెలియదు. దొరికిన రోజున ఇక్కడ ఫోను మీ యాడి చేతిలో ఉంటుంది. నేను గొంతు సవరించుకునేలోపు ఆమె ఊరి కబుర్లన్నీ చెప్పేసి పెట్టేస్తుంది. పైగా ఈ ఉత్తరంలో ఉన్న సంగతి ఆమె పక్కన కూర్చుని వింటుండగా చెప్పగలిగేది కాదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను. నల్లబర్రె ఈనింది. ఆడదూడ, నుదుటి మీద తెల్లమచ్చ. పశువుల దవాఖానలో కాంపౌండరుగా నేను ఎన్ని ఊళ్ల బర్రెలకు పురుడు పోశానో నీకు తెలుసు. మన ఇంటి బర్రె ఈనినప్పుడు మాత్రం నేను ఇంట్లో లేను. నరేశ్ ఒక్కడే చూసుకున్నాడు, బాగానే చూసుకున్నాడు. మేడారం బంగారం పంపమని అడిగావు. ఈసారి జాతరకు మేమిద్దరం పోలేకపోయాం. భూపాలపల్లి నుంచి మీ మామ జైపాల్ వెళ్లి, తల్లుల గద్దెల దగ్గర మన పేరు మీద బెల్లం సమర్పించి, ఇంత ముక్క ప్రసాదం తెచ్చాడు. అందులోంచి నీ వంతు మీ యాడి డబ్బాలో దాచింది. చీమలు పట్టకపోతే నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు తిందువుగాని.

మీ బ్యారక్‌లో ఉండే కోస్తా అమ్మాయి నీ మాటను సినిమాల్లోలాగా వెక్కిరిస్తుందని పోయిన ఉత్తరంలో రాశావు. ఇప్పుడు రాష్ట్రం వచ్చిందని దాన్ని నువ్వు వెక్కిరించకు. లడ్డూలు పంచుతుంటే మొదటిది ఆ పిల్లకే పెట్టు. అంత దూరంలో మీ ఇద్దరికీ తెలుగు మాట్లాడుకోవడానికి ఒకరికొకరు తప్ప ఇంకెవరున్నారు?

బిల్లు పాసైన నాడు మన దగ్గర ఎట్లా ఉందని నిన్న ఫోన్‌లో మీ యాడిని అడిగావట. రాజ్యసభలో పాసైనప్పుడు నేను, మీ యాడి హైదరాబాద్‌లో ఉన్నాం. ఏం పని మీద వెళ్లామో కింద రాస్తాను. మరునాడు పొద్దున ఇంటికి బయలుదేరాం. మమ్మల్ని తీసుకురావడానికి మీ మామ బొగ్గుబాయిలో షిఫ్టు దిగి, స్నానం కూడా సరిగ్గా చేయకుండా, టేకుమట్లలో ఎవరిదో జీపు మాట్లాడుకుని, దానికి ముందూ వెనకా జెండాలు కట్టుకుని వచ్చాడు. సూర్యాపేట మీదుగా అయితే దగ్గర. నేనే పట్టుబట్టి జనగామ మీదుగా తీసుకుపొమ్మన్నాను. కొడకండ్లలో మా దవాఖాన వాళ్లకు ఒకసారి ముఖం చూపించి పోదామని నా కోరిక.

జనగామ చౌరస్తాకు వచ్చాక జీపు కదలనే లేదు. డప్పులు, గులాల్, రోడ్డు మధ్యలో బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్లు. సకల జనుల సమ్మెలో మేము ఆ రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశాం, గుర్తుందా? మీ యాడి జొన్నరొట్టెలు చేస్తుంటే పోలీసులు కూడా వరుసలో నిలబడ్డారు. ఇప్పుడు అదే చోట తట్టల్లో మిఠాయి తెచ్చి, వద్దన్నవాళ్ల నోట్లో కూడా పెడుతున్నారు. ముసలివాళ్లు ఏడుస్తున్నారు, మళ్లీ నవ్వుతున్నారు. నాకూ కళ్లు ఆగలేదు. ఇంత సంతోషం చూడడానికి నేను మిగిలి ఉన్నాను కదా అని మనసులో అనుకున్నాను.

కొడకండ్లలో మా దవాఖాన పక్కన చాయ్ హోటలు నడిపే కనకయ్య ఆ గుంపులో కనిపించాడు. నన్ను చూడగానే చేతులు చాపుకుంటూ వచ్చాడు.

"కాంపౌండరన్నా, వచ్చింది గదనే మన తెలంగాణ" అంటూ కౌగిలించుకోబోయాడు.

మీ యాడి జీపులోంచి దిగి మా ఇద్దరి మధ్య అడ్డంగా నిలబడింది. "ముట్టకు. దూరముండి దండం పెట్టు" అంది.

"ఏందక్కా, గీ దినం గూడ కొట్లాటనేనా?"

"సంబురం జేస్కో, నేనొద్దంటనా? ఈయన ఎదురురొమ్ము మీద చెయ్యేసినవంటె మాత్రం నీ చెయ్యి ఇరుగుతది."

కనకయ్యకు ఏమీ అర్థం కాలేదు. చేతిలో ఉన్న గులాల్ ఏం చేయాలో తోచక వంగి నా చెప్పుల మీద చల్లి పోయాడు. జనగామ నుంచి తండా దాకా గులాబీ రంగు పాదాలతో వచ్చాను. మీ మామ దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

ఈపాటికి నీకు అనుమానం వచ్చే ఉంటుంది. కాని వరసగా చెప్పనీ. ఏప్రిల్ నెలాఖరుకు నేను రిటైరవుతున్నాను. మా అమ్మ చెప్పిన ప్రకారం నేను పుట్టింది వానలు పడుతుండగా. బడిలో చేర్చుకున్న పంతులు ఏప్రిల్ అని రాశాడు. ఆ లెక్కన సర్కారు నన్ను కొంచెం ముందుగానే ఇంటికి పంపుతోంది. రిటైరయ్యాక ఏం చేస్తావని అడిగావు. బర్రెకు మేత వేస్తాను, మీ యాడి చెప్పిన పని చేస్తాను. ఇన్నేళ్లూ చేసింది కూడా అదే కాబట్టి కష్టమేమీ ఉండదు.

మొన్న దీపావళి దాటాక మా దవాఖానకు ఒక కాగితం వచ్చింది. ఉద్యోగులంతా కుటుంబంతో సహా హెల్త్ కార్డుకు పేర్లు నమోదు చేసుకోవాలని అందులో ఉంది. రిటైరయ్యాక కూడా ఆ కార్డు పనికొస్తుందట. మా పశువుల డాక్టరు సంజీవ సారు నన్ను పిలిచి, "మోతీలాల్, నౌకరిల ఉన్నప్పుడే చేపిచ్చుకో. ఇంటికి పోయినంక గీ ఆఫీసుల సుట్టు తిరుగుడు నీతోని గాదు" అన్నారు.

నాకూ మహా హుషారు పుట్టింది. మీ మామ పండుగకు వచ్చినప్పుడల్లా వాళ్ల కంపెనీ దవాఖాన గురించి చెప్పి చెప్పి నా చెవులు తూట్లు చేశాడు కదా. "మా దవాఖానల సూది గుచ్చినా నొప్పి తెల్వది బావా" అంటాడు. ఇక మనకూ ఒక కార్డు ఉంటుంది, వాడి నోరు మూయించవచ్చు అనుకున్నాను. నువ్వు, నరేశ్ మీ కాళ్ల మీద మీరు నిలబడ్డారు కాబట్టి రాయించాల్సింది నా పేరు, మీ యాడి పేరు. ఫోటోల కోసం ఇద్దరం మరిపెడలో పోశాలు స్టూడియోకు పోయాం.

ఆ రోజు మీ యాడి ముస్తాబు నువ్వు చూడాల్సింది. అద్దాలు కుట్టిన రవిక, కొత్త ఓడ్నీ. చెంపలకు రెండు వైపులా వెండి టోప్లీలు. వాటిని చింతపండుతో తోమితే అద్దాలతో పోటీ పడ్డాయి. మన ఆడవాళ్లు పెళ్లినాడు జడపాయలకు కట్టుకునే ఆ టోప్లీల గురించి నీకు చెప్పక్కర్లేదు. పాలు తాగుతూ వాటినే పట్టుకుని గుంజేదానివి. అంచున ఉన్న మువ్వల్లో ఒకటి నువ్వు ఊడబెరికిందే.

పోశాలు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరాలోంచి చూసి, తల గోక్కున్నాడు.

"అక్కా, చెవులు కనవడాలె. మొఖం మీద ఏది ఏలాడొద్దన్నరు. జర గవి తియ్యి, ఒక్క నిమిషమే."

మీ యాడి స్టూలు మీంచి లేచింది. "గివి ఎప్పుడు తీస్తరో ఎరికేనా నీకు?"

"నాకేమెరికక్కా."

"మొగడు సచ్చిననాడు తీస్తరు. ఈయన నీ ముంగటనే నిలవడ్డడు గదా, కనవడుతలేడా?"

పోశాలు నా వైపు చూశాడు. నేను బతికే ఉన్నట్టు గుర్తుగా కొంచెం దగ్గాను.

చివరకు టోప్లీలతోనే ఫోటో తీయించుకుని, నెట్ సెంటరు నడిపే మణెమ్మ దగ్గరికి పోయి పంపించాం. కొన్నాళ్లకు అది వెనక్కి వచ్చింది. రెండోసారి టోప్లీలను చెవుల వెనక్కి నెట్టి దారంతో కట్టి తీయించాం. ఫోటో తీసే సమయానికి ఒకటి జారి ముందుకొచ్చింది. అదీ తిరిగి వచ్చింది. "అన్నా, నీ ఒక్కనిదే పంపుదమా? అక్క పేరు తర్వాత సూద్దాం" అంది మణెమ్మ. నేను పంపొద్దన్నాను. ఒకసారి నా ఒక్కడి పేరుతో కార్డు వచ్చేస్తే, రిటైరయ్యాక ఆమె పేరు ఎక్కించడానికి నేను ఎవరెవరి కాళ్లు పట్టుకోవాలో. కార్డు అంటూ వస్తే ఇద్దరికీ రావాలి, లేకపోతే లేదు. ఇది మొండితనం అంటావేమో, అను. మీ యాడి పక్కన ఇన్నేళ్లు ఉన్నవాడికి ఆ మాత్రం మొండితనం అంటుకోకుండా ఉంటుందా?

ఇంట్లో రోజూ అదే పంచాయితీ. మనం ఇంట్లో మాట్లాడుకునే గోర్‌బోలీలో ఆమె అన్న మాటలను తెలుగులో రాస్తుంటే సగం కారం తగ్గిపోతోంది, తక్కినది నువ్వు కలుపుకో. "నీ మోకాళ్ల కోసమేనే, పెద్ద దవాఖానల చూపిద్దాం" అంటాను నేను. "నా మోకాళ్లు నావి. నేనే మూలుగుత, నేనే నడుస్త. మధ్యల నీకేంది నొప్పి?" అంటుంది ఆమె.

నాకేం నొప్పి అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. బిడ్డా, ఇప్పుడు నీకు చెబుతున్నాను. కంగారు పడకుండా చదువు. ఇదంతా అయిపోయిన కథ.

పోయిన వానాకాలం కొడకండ్ల మండలంలో పశువులకు గాలికుంటు టీకాలు వేస్తున్నాం. ఒక గిత్త కొమ్ములు పట్టుకుని ఉండగా నా ఎదురురొమ్ములో బండ పెట్టి అదిమినట్టయింది. ఎడమ చెయ్యి లాగేసింది. గిత్తను వదిలేసి గట్టు మీద కూర్చున్నాను. ఎండదెబ్బ అని అందరికీ చెప్పాను. ఆ రోజు ముసురు పట్టి ఉంది, అయినా ఎవరూ ఎదురు అడగలేదు. తర్వాత రెండు మూడుసార్లు అట్లాగే వస్తే, దసరా ముందు ఒక్కణ్నే జనగామ పోయి డాక్టరుకు చూపించుకున్నాను. గుండెకు నెత్తురు తీసుకుపోయే దారులు మూసుకుపోతున్నాయి, ఆపరేషన్ తప్పదు, ఆలస్యం చేయవద్దు అన్నాడు. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని చిన్న మాత్రలు రాసిచ్చాడు. అందుకే కార్డు సంగతి రాగానే నేను అంత ఎగిరింది. మీ మామ నోరు మూయించడం ఒక సాకు, మీ యాడి మోకాళ్లు ఇంకో సాకు.

ఇప్పుడు నా తిప్పలు చూడు. అసలు సంగతి చెప్పకపోతే ఆమె టోప్లీలు తీయదు. చెబితే అసలే తీయదు. మగని గుండె బాగాలేదని తెలిశాక, మగడు పోయిన రోజున తీయాల్సినవాటిని ఏ ఆడది చేతులారా విప్పుతుంది? అడగడానికి నాకు నోరెట్లా వస్తుంది? బయట నవ్వుతూ తిరిగాను గాని లోపల చాలా భయపడ్డాను. నిన్ను యూనిఫాంలో ఇంకోసారి చూస్తానో లేదో అనుకున్నాను. ఆ ఒక్క మాట తలుచుకున్నప్పుడే మాత్రం నిజంగా ఏడ్చాను.

దొరికిపోయింది నా తెలివితక్కువతనం వల్లే. డిసెంబరులో ఒక ఆదివారం మీ యాడి నా చొక్కా ఉతకబోతూ జేబులోంచి మాత్రలు తీసింది.

"ఏందివి?"

"బర్రెలకేసేటివి" అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఆమె ఒక మాత్ర అరచేతిలో పెట్టుకుని నా ముఖం ముందుకు తెచ్చింది. "లగ్గమైన కాన్నుంచి నీ మందుల సంచి సర్దుతున్న. బర్రెకేసే గోలి నా బొటనేలంత ఉంటది, మెడలు ఇరిచి పట్టి మింగియ్యాలె. గిది దేనికేస్తవు, సీమకా?"

ఇక దాచలేకపోయాను. గట్టు మీద కూర్చున్న దగ్గర నుంచి జనగామ డాక్టరు మాట దాకా అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. తడి చొక్కాను చేతుల్లో పట్టుకుని కూర్చుంది. నీళ్లు కారి ఆమె లంగా అంతా తడిసిపోతున్నా చూసుకోలేదు.

"గందుకేనా ఫోటో ఫోటో అని నా ఎంబడి పడ్డవు?"

అవునన్నాను.

"నా పేరు తీసేసి నీ ఒక్కనిది పంపకపోయినవా?"

"పంపబుద్ధి కాలే."

ఆమె లేచి చొక్కా పిండి దండెం మీద ఆరేసింది. ఇక అయిపోయింది, ఈ జన్మలో ఫోటో దిగదు అనుకున్నాను. బర్రెకు కుడితి పెట్టింది, రొట్టెలు చేసింది. నా పళ్లెంలో రొట్టె వేస్తూ అప్పుడు అడిగింది, "పోశాలు రేపు పొద్దుగాల ఎన్ని గంటలకు తెరుస్తడు?"

మరునాడు స్టూడియోలో ఆమె స్టూలు మీద కూర్చుని, ఎవరూ చెప్పకముందే రెండు చేతులూ పైకెత్తి జడపాయల్లోంచి టోప్లీలు విప్పడం మొదలుపెట్టింది. నేను భుజం మీది తువ్వాలు పరిచి పట్టుకున్నాను. ఆమె దాన్ని పక్కకు తోసేసింది.

"గివి గుడ్డల పెట్టేటివి గావు, బల్ల మీద పెట్టేటివి గావు. జర వంగు."

వంగాను. ఒక టోప్లీ దారం నా కుడి చెవికి, ఇంకోటి ఎడమ చెవికి తగిలించింది.

"నా మీద లేనంత సేపు నీ మీద ఉంటయి. మొగడు పెండ్లాం ఇద్దర్ల ఒకరి మీద ఉంటె ఉన్నట్టే" అంది. ఈ ఆచారం మన తండాలో ఎవరు పెట్టారో నేను ఎన్నడూ వినలేదు. ఆమే అప్పటికప్పుడు పెట్టిందనుకుంటాను. "నేను కెమెరా దిక్కు సూడాలె, నీ దిక్కు సూడరాదు. నువ్వు తల ఊపుకుంట ఉండు. మోగుతాంటె నువ్వున్నవని నాకు తెలుస్తది."

నేను పోశాలు పక్కన నిలబడి తల ఊపాను. గంటలు కట్టిన ఎద్దు బండిని లాగుతూ ఊపినట్టే ఉండి ఉంటుంది. పోశాలుకు నవ్వు ఆగక కెమెరా కదిలి మొదటి ఫోటో పాడైంది. అదే సమయానికి ర్యాలీ ఫ్లెక్సీకి ఫోటోలు ఇవ్వడానికి ఇద్దరు పిల్లగాళ్లు లోపలికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏంది కాకా గీ ఏశం?" అని ఒకడు అడిగాడు. "హెల్త్ కార్డు ఏశం బిడ్డా" అన్నాను, తల ఊపడం ఆపకుండా. వాళ్లు కూడా పడీ పడీ నవ్వారు. మీ యాడి మాత్రం రెప్ప వేయకుండా కెమెరా వైపే చూసింది.

నీకొకటి చెప్పాలి శిరీషా. ఇన్నేళ్లూ టోప్లీల చాటున ఉన్న ఆమె చెంపలు మిగతా ముఖమంత ఎండకు కమలలేదు. అక్కడ రంగు ఇంకా లేతగానే ఉంది. పెళ్లినాటి గంగి ఆ రెండు చెంపల్లో అట్లాగే మిగిలి ఉంది. తల ఊపుతూ అదే చూస్తూ నిలబడ్డాను.

ఆ ఫోటో తిరిగి రాలేదు. జనవరిలో కార్డు వచ్చింది, ఇద్దరి పేర్లతో. హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో చేర్చుకుంటామన్నారు. ఆపరేషన్‌కు వాళ్లు చెప్పిన రోజు మేడారం జాతర మొదలైన బుధవారం. అమ్మవార్లు గద్దెకు వచ్చే వేళ మంచిదే అంది మీ యాడి. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను మిరపచేనులో ఉన్నానని ఆమె చెప్పింది అప్పుడే. అంత దూరంలో సెలవు దొరకక నువ్వు తల్లడిల్లుతావని, అంతా అయ్యాకే చెప్పాలని అందరి నోళ్లూ ఆమె కట్టేసింది. మీ అన్నను ఏమీ అనకు. కోపం వస్తే నన్నే తిట్టు, ఉత్తరంలో తిట్టు. ఫోన్‌లో తిడితే మీ యాడి కూడా నీతో కలుస్తుంది.

లోపలికి తీసుకుపోయే ముందు నా మొలతాడు, చేతి కడియం, అన్నీ తీయించారు. టోప్లీలు కూడా తీసి పెట్టమ్మా, లోపలికి వస్తే చప్పుడవుతుందని మీ యాడితో ఎవరో అన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. అక్కడి నర్సు రేణుక మన భూపాలపల్లి దిక్కు పిల్ల, టేకుమట్ల వాళ్లది. "ఉండనియ్యి అవ్వా. గని లోపటికి వచ్చినప్పుడు సప్పుడు చెయ్యకుంట నిలవడాలె, సరేనా?" అందట. మీ యాడి బుద్ధిగా సరేనందట.

ఆపరేషన్ బాగా జరిగింది. రొమ్ము మీద నిలువుగా కుట్లు ఉన్నాయి, రోజు రోజుకూ మానుతున్నాయి. కొన్నాళ్లు బరువులు ఎత్తొద్దన్నారు, ఎవరినీ గుద్దుకోనియ్యొద్దన్నారు. కనకయ్యను దూరం నుంచే దండం పెట్టమన్నది అందుకే. మీ మామ దవాఖాన అంతా తిరిగి చూసి వచ్చి, "మా కంపెనీ దవాఖాన కంటె గిదే సల్లగున్నది బావా" అన్నాడు. నేను ఆ మాట ఇంకోసారి అనిపించుకుని విన్నాను.

ఇక ఆఖరి సంగతి. ఆపరేషన్ అయ్యాక నాకు తెలివి వచ్చినప్పుడు కళ్లు తెరుచుకోలేదు. చుట్టూ ఏవో మిషన్లు కూస్తున్నాయి. నేను ఎక్కడున్నానో, అసలు ఉన్నానో లేనో అర్థం కాలేదు. ఎవరినైనా పిలుద్దామంటే గొంతులో గొట్టం ఉంది. చాలా భయమేసింది బిడ్డా. అప్పుడు తలుపు వైపు నుంచి వినిపించింది, గల్లుగల్లుమని, నువ్వు ఒకటి ఊడబెరికిన ఆ మువ్వల చప్పుడు. "అవ్వా, నేనేం చెప్పిన నీకు?" అని రేణుక గొంతు. చప్పుడు ఆగలేదు. మీ యాడి అక్కడ నిలబడి కావాలనే తల ఊపుతోంది. టోప్లీలు ఆమె చెంపల మీదే ఉన్నాయి. అవి ఆమె మీద ఉన్నాయంటే నేను ఉన్నట్టే కదా. భయం పోయింది. కళ్లు తెరవాలని కూడా అనిపించక, చాలాసేపు అట్లాగే వింటూ పడుకున్నాను.

స్టూడియోలో ఆ రోజు పోశాలు నాకు తెలియకుండా నా ఫోటో కూడా ఒకటి తీశాడు, చెవులకు టోప్లీలతో. ఈ ఉత్తరంలో పెడుతున్నాను. బ్యారక్‌లో ఎవరికీ చూపించకు. ఆ కోస్తా పిల్ల మరీ బతిమాలితే చూపించు, పోనీ.

నా గురించి రంది పెట్టుకోకు. వేళకు తిను, డ్యూటీలో జాగ్రత్తగా ఉండు. సెలవు దొరికితే ఏప్రిల్ నెలాఖరుకు రా, నాకు దండ వేద్దువుగాని. ఉద్యోగం పాత రాష్ట్రంలో చేశాను, పింఛను కొత్త రాష్ట్రంలో తీసుకుంటాను. బయట మీ యాడి దూడను కట్టేస్తోంది. నేను రాస్తున్న చోటికి ఆ మువ్వల చప్పుడు వినబడుతూనే ఉంది.

ఇట్లు,
నిండు గుండెతో నీ రాక కోసం చూస్తున్న
నీ బాపు,
మోతీలాల్.